తొలి కోతకు కారణం చెప్పాలి

బిడ్డ పుట్టిన కబురు అందగానే ఆడపిల్లా, మగపిల్లాడా అని అడగడం పాత అలవాటు. ఇప్పుడు దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తోంది: నార్మలా, ఆపరేషనా? ఆపరేషనే అని జవాబు వచ్చినా విన్నవారెవరూ ఆశ్చర్యపోవడం లేదు. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, ఆదోని, రాయచోటి పట్టణాల్లో రెండు తరాల లోపే వచ్చిన మార్పు ఇది. నానీలకు ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా కాన్పులయ్యాయి. అమ్మీలకు సర్కారు ఆసుపత్రిలో అయ్యాయి. ఇప్పటి కూతుళ్లలో ఎందరికో ఆపరేషన్ బల్ల మీద అవుతున్నాయి.

ఈ మార్పులో శుభవార్త కూడా ఉంది. దాన్ని ముందే ఒప్పుకోవాలి. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జననాలకు 195 మంది తల్లులు మరణించేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు దిగింది. ఇంటి కాన్పులు తగ్గి ఆసుపత్రి కాన్పులు పెరగడం, 108 వాహనం ఊళ్లకు రావడం, వేళకు రక్తం దొరకడం, అవసరమైన తల్లికి సిజేరియన్ అందడం కలిసి సాధించిన ఫలితమిది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కమ్మేసినప్పుడు, కాన్పు మధ్యలో ఆగిపోయినప్పుడు, రక్తపోటు పెరిగి తల్లికి గుర్రపువాతం వచ్చినప్పుడు, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారినప్పుడు ఆ ఆపరేషన్ రెండు ప్రాణాలను నిలుపుతుంది. అటువంటి వేళ ఆలస్యం చేయడం పాపం. ప్రసవంలో మరణించిన తల్లికి షహీదు స్థానం ఉందని హదీసులు చెబుతాయి. అది దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు. బతికించగలిగిన తల్లిని వదిలేయడానికి అది అనుమతి కాదు.

అందుచేత సిజేరియన్ అంటేనే చెడ్డదనే మాట ఈ పత్రిక చెప్పదు. మేము చెప్పదలచినది మొదటి కాన్పులో పడే మొదటి కోత గురించి. అవసరం లేకుండా పడిన ఆ ఒక్క కోత పేద ఇంటి స్త్రీ తర్వాతి కాన్పులనూ, ఆరోగ్యాన్నీ, ఆ ఇంటి అప్పులనూ చాలా వరకు నిర్ణయిస్తోంది. అంతటి నిర్ణయానికి కారణమేమిటో ఆమెకు అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పాలి, ఆ మాట కాగితం మీద రాసివ్వాలి. ఇది దయ కాదు, ఆమె హక్కు.

అంకెలు చెప్పేది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో దేశంలో నూటికి 8.5 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. 2015-16లో అవి 17.2 శాతం. 2019-21లో 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2015-16 నాటికే 40.1 శాతం, తర్వాతి సర్వేలో 42.4 శాతం. అంటే దేశ సగటుకు దాదాపు రెట్టింపు. పొరుగున ఉన్న తెలంగాణ 60.7 శాతంతో దేశంలోనే ముందుంది.

సర్కారు ఆసుపత్రులను, ప్రైవేటు ఆసుపత్రులను విడివిడిగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుల్లో 26.6 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 63 శాతం. అంతకు ముందు సర్వేలో ఇవి 25.5, 57 శాతాలు. రెండు సర్వేల మధ్య ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక శాతం మేర పెరిగితే ప్రైవేటులో ఆరు శాతం పెరిగింది. ఒకే జిల్లా స్త్రీలు, ఒకే తిండి, ఒకే ఎండ, దాదాపు ఒకే వయసు. గేటు మారగానే కోత అవకాశం రెండింతలకు పైగా పెరగడానికి వారి శరీరాలే కారణమని నమ్మడం కష్టం.

కష్టమైన కేసులు తమ దగ్గరకే వస్తాయని ప్రైవేటు వైద్యులు కొందరు చెబుతారు. మన ప్రాంత అనుభవం దీనికి తిరగబడి ఉంటుంది. చిక్కు ముదిరిన పేద తల్లిని చివరి గడియలో పంపేది కర్నూలు పెద్దాసుపత్రికీ, కడప సర్వజన ఆసుపత్రికీ. అహ్మదాబాద్ ఐఐఎం పరిశోధకులు అంబరీశ్ డోంగ్రే, మితుల్ సురానా 2015-16 సర్వే వివరాలను విశ్లేషించారు. ఇతర తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, ముందుగా అనుకోని సిజేరియన్ జరిగే అవకాశం ప్రైవేటు ఆసుపత్రిలో 13.5 నుంచి 14 శాతం పాయింట్లు ఎక్కువగా ఉందని తేల్చారు. ఒక్క ఏడాదిలో దేశంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన వాటిలో సుమారు 9 లక్షల సిజేరియన్లు నివారించదగినవేనని వారి అంచనా.

ఎంత శాతం ఉంటే సబబు? 1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో జరిగిన సమావేశం తర్వాత 10 నుంచి 15 శాతం అనే కొలత ప్రచారంలోకి వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ పరిశీలించి, ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లుల, శిశువుల మరణాలు తగ్గుతున్నట్లు దాఖలా లేదని ప్రకటించింది. అయితే ఏదో ఒక అంకెను లక్ష్యంగా పెట్టుకోకుండా, అవసరమున్న ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలని కూడా చెప్పింది. ఈ రెండో మాటను మరవకూడదు. ఎందుకో చూడడానికి కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వెళితే చాలు.

ఒకే జిల్లాలో రెండు కష్టాలు

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హాలహర్వి వంటి మండలాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకూ, పత్తి తీయడానికీ వెళ్తాయి. గర్భిణి కూడా ఆ గుంపులోనే ఉంటుంది. ఒక ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో ఆమె పేరు ఉంటుంది, మనిషి ఇంకో జిల్లా చేనులో ఉంటుంది. రక్త పరీక్ష ఎక్కడ, రక్తపోటు చూసేదెవరు, నొప్పులొస్తే ఏ ఆసుపత్రి అన్నది ఎవరికీ తెలియదు. ఊళ్లోనే ఉన్నా, ఆదోని ఆసుపత్రిలో ఆ వేళకు మత్తు డాక్టరో రక్తమో లేకపోతే కర్నూలు దాకా సుమారు వంద కిలోమీటర్లు వెళ్లాలి. నొప్పులు పడుతున్న తల్లికి ఆ దారి చాలా పొడవు. ఇక్కడ స్త్రీలకు కావలసిన కోత వేళకు అందదు.

అదే కర్నూలు నగరంలో, నంద్యాలలో, కడపలో, ప్రొద్దుటూరులో వీధి మలుపుకొక నర్సింగ్‌హోం ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల స్త్రీ తొలి కాన్పుకు వెళితే, నొప్పులు ముదరకముందే ఆపరేషన్ మాట వినిపిస్తోంది. అక్కరలేని కోత ఇక్కడ అడగకుండానే వచ్చి పడుతోంది. ఒకే జిల్లాలో ఒకచోట లేమి, ఇంకోచోట అతి. రెండింటికీ మూలం ఒకటే. కాన్పు వైద్యాన్ని అవసరం ఎక్కడుందో చూసి అమర్చలేదు. డబ్బు ఎక్కడుందో చూసి అది తనంతట తాను పెరిగింది.

2011 జనగణన నాటి ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో సుమారు ఆరుగురిలో ఒకరు ముస్లింలు. పట్టణాల్లో మన నిష్పత్తి ఇంకా పెద్దది. పంక్చరు షాపులు, మెకానిక్ షెడ్లు, ఆటోలు, దర్జీ పని, మాంసం కొట్లు, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల పని, దూదేకుల కుటుంబాల పరుపుల పని మీద బతికే సమాజం మనది. పట్టణ పేదలం కాబట్టి పొలం లేదు, నర్సింగ్‌హోం మాత్రం నడిచే దూరంలో ఉంది. సర్కారు కాన్పుల వార్డులో రద్దీకీ, కసురుకోవడానికీ, పరదా లేకపోవడానికీ జంకి, అప్పు చేసైనా ప్రైవేటు గడప తొక్కేవారిలో మనవాళ్లు చాలామంది. అందుకే ఈ సమస్యను కేవలం వైద్య విషయంగా వదిలేయలేం. ఇది మైనారిటీ హక్కుల విషయం కూడా.

ఎందుకు పెరుగుతోంది

తొలికాన్పులో నొప్పులు పూర్తిగా అందుకున్నాక కూడా పన్నెండు గంటల దాకా పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతాయి. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవాలనే పాత లెక్క అందరికీ వర్తించదని, అంతకంటే నెమ్మదిగా సాగినంత మాత్రాన జోక్యం అక్కరలేదని కూడా స్పష్టం చేశాయి. అన్ని గంటలు తల్లి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. బిడ్డ గుండె చప్పుడు వినాలి, ధైర్యం చెప్పాలి, నడిపించాలి, నీళ్లు తాగించాలి. ఒక్క వైద్యురాలు పగలు ఓపీ చూసి, రాత్రి కాన్పులు చూసే చిన్న ఆసుపత్రిలో అంతసేపు ఎదురుచూసే మనుషులు లేరు. ఆపరేషన్ గంటలోపు ముగుస్తుంది, వేళ ముందే తెలుస్తుంది, బిల్లూ పెద్దది. వైద్యులందరూ డబ్బు కోసమే కత్తి పడుతున్నారని అనడం అన్యాయం. ఏదైనా తేడా జరిగితే బంధువుల దాడి, కోర్టు కేసు అనే భయం కూడా వారిని తొందరపెడుతోంది. అయితే ఓర్పుకు ప్రతిఫలం లేక, తొందరకు లాభం ఉన్న ఏర్పాటులో ఫలితం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. మధ్యలో కేసు పంపినందుకు కమిషన్ తీసుకునే ఆర్ఎంపీ ఉంటే ఆ మొగ్గు ఇంకా పెరుగుతుంది.

ఆపరేషన్‌కు చెప్పే కారణాలు మన ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చేశాయి. ఉమ్మనీరు తగ్గింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది. బిడ్డ బరువెక్కువ. మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే. వీటిలో నిజమైన ప్రమాదమూ ఉండవచ్చు, సాకూ ఉండవచ్చు. బొడ్డుతాడు మెడ చుట్టూ ఉండడం ఎందరో బిడ్డల్లో కనిపించే సంగతి. అదొక్కటే కోతకు కారణం కాదు, బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉందన్నది ముఖ్యం. ఉమ్మనీటికి కొలత ఉంది; ఎంత ఉండాలి, ఎంత ఉంది అని అడగవచ్చు. స్కానింగులో చెప్పే బిడ్డ బరువు అంచనా మాత్రమే. మొదటి ఆపరేషన్‌లో గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోత పెట్టి ఉంటే, వేరే చిక్కులు లేకపోతే, వెంటనే ఆపరేషన్ చేసే వసతి ఉన్న ఆసుపత్రిలో రెండో కాన్పు సహజంగా ప్రయత్నించవచ్చు. అలా ప్రయత్నించిన వారిలో ఎక్కువమంది సఫలమవుతారని వైద్యశాస్త్రమే చెబుతోంది. ఆ వసతి ఉన్న ఆసుపత్రులు మన దగ్గర తక్కువ కాబట్టి, ఒకసారి కోత పడిందంటే ఇక ఎప్పటికీ కోతే అన్నది రాయలసీమలో నియమంగా మారింది. తొలి కోత గురించి ఇంత గట్టిగా అడగవలసి వస్తున్నది అందుకే.

ఒక కోత వెంట మరికొన్ని

ప్రతి సిజేరియన్‌తో తర్వాతి గర్భానికి ప్రమాదం పెరుగుతుంది. పాత మచ్చ మీద మాయ అతుక్కుపోయి కాన్పులో విపరీతంగా రక్తం పోవచ్చు, మచ్చ విడిపోవచ్చు, మూత్రాశయం దెబ్బతినవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 సర్వే తేల్చింది. ఒంట్లో రక్తమే లేని తల్లికి రక్తస్రావం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

రెండో సిజేరియన్ నాటికి, ఇక చాలు, పిల్లలు పుట్టకుండా కూడా చేసేద్దాం అనే సలహా వస్తుంది. వైద్యపరంగా దానికి కారణం ఉండవచ్చు. కానీ ఆ పరిస్థితిని తెచ్చింది మొదటి కోత. మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఇదే అత్యధికం. మగవారిలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవారు అర శాతం కూడా లేరు. గర్భసంచి తొలగించే ఆపరేషన్లలోనూ దేశంలో మన రాష్ట్రం ముందు వరసలోనే ఉంది. కాన్పుకు ఒకటి, పిల్లలు చాలనుకుంటే ఒకటి, నలభై దాటకముందే గర్భసంచికి ఒకటి: ఒకే స్త్రీ కడుపు మీద మూడు కోతలు. భారం మోయడానికి ఎప్పుడూ ఆమె శరీరమే ముందుంటోంది.

ఎంతమంది పిల్లలు కావాలన్నది భార్యాభర్తలు ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. ముస్లింలు పిల్లల్ని కంటూనే ఉంటారని దుష్ప్రచారం చేసేవారికి జవాబు సర్వేల్లోనే ఉంది. 1992-93లో 4.41గా ఉన్న ముస్లిం స్త్రీల సంతాన సగటు 2019-21 నాటికి 2.36కు తగ్గింది. మన కుటుంబాలు తమంతట తాము ఆలోచించి చిన్నవవుతున్నాయి. ఆ స్వేచ్ఛ అలాగే ఉండాలి. మూడో బిడ్డ కావాలనుకున్న తల్లికి ఆ దారి రెండు అనవసరపు కోతల వల్ల మూసుకుపోకూడదు. ఇక్కడ ప్రభుత్వ విధానంలోని వైరుధ్యాన్ని కూడా ప్రస్తావించాలి. జనాభా తగ్గిపోతోందని ఆందోళన చెందుతూ, స్థానిక సంస్థల ఎన్నికలకు అడ్డుగా ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఎత్తివేసింది. ఎక్కువమందిని కనమని పిలుపునిస్తోంది. పిలుపు ఇచ్చే ముందు, పదిమంది తల్లుల్లో నలుగురికి పైగా కోతతో ఇంటికి వెళ్తున్న రాష్ట్రంలో మూడో కాన్పు ఎంత భద్రమో చూసుకోవాలి.

ఇక అప్పు. జనని శిశు సురక్ష కార్యక్రమం కింద 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటి నుంచి రాకపోకలు అన్నీ అందులోనే. ఆ హక్కును వినియోగించుకోలేని కుటుంబం ప్రైవేటు బిల్లు కట్టడానికి భార్య నగలు కుదువపెడుతుంది, వడ్డీకి తెస్తుంది. వడ్డీ హరామని తెలిసిన ఇంట్లోనే బిడ్డ పుట్టుకతో వడ్డీ మొదలవుతోంది. ఏడో రోజు అఖీఖా సంతోషం ఉండవలసిన చోట వాయిదాల లెక్క నడుస్తోంది. నలభై రోజుల చిల్లా ముగియకముందే కుట్టు మిషను ముందు కూర్చునే బాలింతలు మన వాడల్లో ఉన్నారు. కుట్లు మానని పొట్టతో నీళ్ల బిందెలు మోసేవారూ ఉన్నారు.

చట్టం ఆమె వైపే ఉంది

మన ఇళ్లలో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఎవరు? భర్త, లేదా అత్త, లేదా తండ్రి. లోపల ఉన్న స్త్రీకి అందులో ఏముందో చదివి చెప్పేవారు అరుదు. సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ఈ అలవాటును తప్పుపట్టింది. తెలివి, వయసు ఉన్న స్త్రీకి చేసే చికిత్సకు ఆమె అనుమతే కావాలి. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఇచ్చిన అంగీకారం కూడా చాలదు. ఒక చికిత్సకు ఇచ్చిన అనుమతి ఇంకో చికిత్సకు వర్తించదు. చికిత్స ఏమిటి, లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా అన్నది రోగికి చెప్పాలి. సిజేరియన్‌కు తీసుకున్న సంతకంతోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయడం ఈ తీర్పు వెలుగులో చెల్లదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. రోగికి సమాచారం పొందే హక్కు, రెండో వైద్యుని సలహా తీసుకునే హక్కు, తన కేసు కాగితాల నకళ్లు పొందే హక్కు ఉన్నాయని అది చెబుతోంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు 24 గంటల్లో, డిశ్చార్జి తర్వాత 72 గంటల్లో ఆ నకళ్లు ఇవ్వాలి. నొప్పులు పడే తల్లి పక్కన ఆమె కోరుకున్న స్త్రీని తోడుగా ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రులకు చెప్పింది. ఇవి మన గదపల దాకా రాలేదు, ఎందుకంటే మనం అడగలేదు, వారు చెప్పలేదు.

మన ఇంట్లో సరిదిద్దుకోవలసినవి

వేలెత్తి చూపేటప్పుడు మన ఇంటిని కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఇందులో మన సమాజం వాటా మనకు తెలియనిది కాదు. ఒళ్లు ఎదగని పిల్ల గర్భవతి అయితే కాన్పు కష్టమవుతుంది, ఆపరేషన్ నిజంగానే అవసరమవుతుంది. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, లావవుతుందని పారేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కోడలి రక్తం ఎంత ఉందో తెలియని అత్త, భార్య పరీక్షలకు ఒక్కసారి కూడా వెంట వెళ్లని భర్త ఆపరేషన్ గది తలుపు దగ్గర మాత్రం తొందరగా కానివ్వమంటారు. నొప్పులు భరించలేదు, కోసి తీసేయండి అని డాక్టరును ఒత్తిడి చేసే బంధువులు తక్కువేమీ కాదు. సెలవు దొరికిన రోజుకు, దుబాయి విమానం ఎక్కేలోపు కాన్పు కావాలనే కోరికలూ వింటున్నాం.

కాన్పు నొప్పిని మన ధర్మం తేలికగా చూడలేదు. తల్లి బలహీనత మీద బలహీనతను భరిస్తూ బిడ్డను మోసిందని ఖుర్‌ఆన్ గుర్తుచేస్తుంది. సూరా మర్యంలో ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదలును ఆశ్రయించిన మర్యం (అలైహస్సలాం) ప్రస్తావన ఉంది. ఆ వేళ ఆమెకు అందినవి ఓదార్పు మాట, కాళ్ల దగ్గర సెలయేరు, పండిన ఖర్జూరాలు. నొప్పులు పడే స్త్రీకి ధైర్యం, నీరు, ఆహారం ఇవ్వాలని ఇవాళ వైద్యులు చెబుతున్నదీ అదే. మన వార్డుల్లో ఆ మూడింటి స్థానంలో గద్దింపు వినిపిస్తోంది. నొప్పి కంటే ఆ గద్దింపుకు భయపడి ఆపరేషన్‌కు ఒప్పుకునేవారున్నారు.

ఏం అడగాలి, ఏం చేయాలి

ప్రభుత్వాన్ని మేము అడిగేవి అసాధ్యమైనవి కావు. ప్రతి ఆసుపత్రి, సర్కారుదైనా ప్రైవేటుదైనా, నెలలో ఎన్ని కాన్పులు, అందులో ఎన్ని సిజేరియన్లు అన్నది గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రులను 2017లో ఇలాగే ఆదేశించారు. ప్రైవేటు ఆసుపత్రుల నమోదు, నియంత్రణ కోసం మన రాష్ట్రానికి 2002 నాటి చట్టం ఉంది. దాని కింద ఈ నియమాన్ని తేవచ్చు. కష్టమైన కేసులు ఎక్కువగా చూసే పెద్దాసుపత్రికి అన్యాయం జరగకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసిన రాబ్సన్ వర్గీకరణలో లెక్కలు చూపాలి. తల్లులను పది రకాలుగా విభజించే ఆ పద్ధతిలో, తొలి కాన్పుకు నెలలు నిండి వచ్చిన, తల కిందికి ఉన్న ఒకే బిడ్డను మోస్తున్న తల్లుల్లో ఎంతమందికి కోత పడిందో విడిగా తెలుస్తుంది. మనకు అన్నిటికంటే ముందు కావలసిన అంకె అదే.

రెండోది, ఆదోని, ఎమ్మిగనూరు, రాయచోటి వంటి చోట్ల రాత్రీ పగలూ ఆపరేషన్ చేయగల వైద్యులు, మత్తు వైద్యులు, రక్తం ఉండాలి. సుగ్గికి వెళ్లే గర్భిణుల వివరాలు రెండు జిల్లాల ఏఎన్ఎంల మధ్య చేరవేసే ఏర్పాటు కావాలి. మూడోది, సహజ కాన్పు చేయించడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కావాలి. మంత్రసానుల పాత రోజులకు పొమ్మని దీని అర్థం కాదు. తెలంగాణ 2017లో హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరీంనగర్‌లో ఇటువంటి మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం 2018లో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. స్త్రీల చేతుల్లోనే, మర్యాదగా, పరదాతో కాన్పు జరగాలని కోరుకునే మన కుటుంబాలకు ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

మనం చేయగలిగినదీ తక్కువ కాదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాలను నిలబెట్టారు. చదువు కోసం అంత చేసిన గడ్డ మీద తల్లుల కోసం కొంత చేయలేమా? మసీదు కమిటీలు వాడకు ఇద్దరు చదువుకున్న స్త్రీలకు శిక్షణ ఇప్పించి, గర్భిణికి తోడుగా సర్కారు ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేయవచ్చు. అప్పుల్లో కూరుకున్నవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఒకరు. కాన్పు అప్పు తీర్చడానికి జకాత్ నిధిలో కొంత కేటాయించవచ్చు. జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా భర్తలకు ఈ మాట చెప్పవచ్చు. ఇంటర్ పూర్తయిన ఆడపిల్లల్ని నర్సింగ్‌కు పంపడానికి ఇంకా వెనకాడుతున్నాం. మన ఆడపిల్ల లేబర్ రూములో నర్సుగా నిలబడితే, మన ఇంకో ఆడపిల్ల భయం సగం తీరుతుంది. మన సమాజానికి చెందిన వైద్యులకు, నర్సింగ్‌హోముల యాజమాన్యాలకు ప్రత్యేకంగా విజ్ఞప్తి చేస్తున్నాం. చట్టం వచ్చేదాకా ఆగకుండా మీ అంకెలను మీరే ముందుగా గోడ మీద రాయండి. రోగి నమ్మకం అమానత్. దాన్ని కాపాడినవారిని సమాజం మరచిపోదు.

చివరిగా, ఈ సంచిక చదివే ప్రతి ఇంటికీ. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. ఆపరేషన్ ఎందుకు? ఇప్పుడే కావాలా, కొంత ఆగవచ్చా? ఆగితే ప్రమాదమేమిటి? చేస్తే తర్వాతి కాన్పుకు ఏమవుతుంది? ఈ కారణం కేసు షీటులో రాసి నకలు ఇస్తారా? మంచి వైద్యురాలు ఈ ప్రశ్నలకు కోపగించుకోదు. ప్రాణాపాయమని ఆమె చెబితే మారు మాట్లాడకుండా వెంటనే ఒప్పుకోండి, అల్లాహ్ మీద భారం వేసి ఆమె చేతులను నమ్మండి. జవాబు రాకపోతే, కసిరితే, రెండో వైద్యుని అడిగే హక్కు మీకుంది. అయితే ఆ ప్రశ్నలు నొప్పులు మొదలైన రాత్రి అడిగితే లాభం లేదు. ఏడో నెలలోనే, భార్యతో పాటు భర్త కూడా వెళ్లి అడగాలి.